మంచం కింద ఎండాల్సిన గిన్నె

ఫిబ్రవరి 6

అక్కా, నువ్వు నాకు అబద్ధం చెప్పావు. ఒకసారి కాదు, అక్టోబరు నుంచి రాసిన ప్రతి ఉత్తరంలోనూ చెప్పావు. "నీ గిన్నె నాన్న మంచం కింద క్షేమంగా ఉంది, బెంగ పెట్టుకోకు" అని రాస్తూ వచ్చావు. అప్పుడు గిన్నె తెచ్చి మీకిచ్చిన పార్సిల్ వ్యాన్ డ్రైవరు నిన్న మా కార్ఖానా గేటు దగ్గర నన్ను ఆపాడు. మీ వీధిలో సరుకు దించి మంచినీళ్ల కోసం మీ ఇంట్లోకి వచ్చాడట. నేను చేసిన గిన్నెలో నాన్న జావ తాగుతున్నాడని, అది చూసి తనకే కడుపు నిండిపోయిందని చెప్పాడు. నన్ను సంతోషపెడదామనే చెప్పాడు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఫోన్ చెయ్యక ఈ రాతకోతలేమిటి అనుకుంటావేమో. మీ ఫోను నాన్న తలగడ పక్కనే ఉంటుంది. నేను అరిస్తే ఆయనకి వినపడుతుంది. అరవకుండా మాట్లాడే స్థితిలో నేను లేను.

చీటీ అంటించి మరీ పంపానా లేదా? "ఎవరూ ముట్టుకోవద్దు. నాన్న మంచం కింద పెట్టు. అక్కడ ఎండ రాదు, గాలి కొట్టదు" అని అంతంత అక్షరాలతో రాశాను. మా గది పైన రేకు. పగలు పొయ్యిలా ఉంటుంది. పచ్చి చెక్క ఇక్కడ పెడితే వారంలో నెర్రెలు విచ్చుతుంది. మీ కింది వాటా చల్లగా చీకటిగా ఉంటుందనే కదా నీ దగ్గరికి పంపింది.

అక్కా, అది గిన్నె కాదు. గిన్నె కాబోయే చెక్క. నీకు అర్థమయ్యేలా చెప్తాను విను. బస్టాండు వెనక గాలివానకి ఒక పెద్ద చెట్టు వేళ్లతో సహా లేచి పడింది. పొయ్యిల్లోకి ముక్కలు కొడుతుంటే నేను బతిమాలి ఒక దుంగ తీసుకున్నాను. తోపుడు బండి అడుక్కుని, అది పక్కకి దొర్లిపోకుండా భుజం అడ్డుపెట్టి ఇంటికి తోసుకొచ్చాను. పాత గ్రైండరు మోటారుతో గది వెనక సందులో నేనే ఒక లేత్, అదే చెక్కని గిరగిరా తిప్పే మిషన్, కట్టుకున్నాను కదా, దాని మీద తిప్పుతూ ఉలితో గిన్నెగా తీశాను. లోపల ఎప్పుడో ఎవరో కొట్టిన మేకు ఒకటి ఉండి నా ఉలి అంచు ఎగిరిపోయింది. మేకు చుట్టూ చెక్క సిరా ఒంపినట్టు నల్లగా మారి ఉంది. ఆ మరక అంచు కిందికి వచ్చేలా మళ్లీ తిప్పాను. అంత చూసుకుని చేశాను.

పచ్చి చెక్కని ఒకేసారి పల్చగా తియ్యకూడదు. ముందు లావుగా తీసి, దాని పొట్టులోనే కప్పెట్టి నెలల తరబడి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు అది వంకర పోతుంది, కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడు మళ్లీ మిషన్ ఎక్కించి గుండ్రంగా, పల్చగా తీస్తే ఇక జన్మలో కదలదు. నేను అక్టోబరులో పంపింది మొదటి సగం పని. ఈ నెలాఖరుకి రెండో సగం చెయ్యాలి.

ఎందుకో కూడా చెప్తాను. ఇక్కడ చేరినప్పటి నుంచి నాది రుద్దుడు బెంచీ. వేరేవాళ్లు తీసిన కుర్చీ కాళ్లకి ఉప్పు కాగితం పడతాను. నా వేళ్ల మీద గీతలు కూడా మిగల్లేదు. లేత్ మీద పనిచేసే పెద్దాయన నెలాఖరుకి పని మానేస్తున్నాడు. ఆ చోటు నాకిమ్మని అడిగితే మేస్త్రి నవ్వాడు. నీకెవరు నేర్పారు అన్నాడు. ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను అన్నాను. అయితే పచ్చి దుంగ నుంచి చివరిదాకా నువ్వే చేసిన వస్తువు ఒకటి తెచ్చి నా ముందు పూర్తి చెయ్యి, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ వస్తువు ఇదే. నా దగ్గర ఇంకోటి లేదు.

కాబట్టి ఇవాళే నాన్న దగ్గర నుంచి తీసుకో. కడగకు, పొడిగుడ్డతో తుడిచి పొట్టులో చుట్టి పెట్టు. జావ తాగడానికి ఇంట్లో స్టీలు గిన్నెలే కరువయ్యాయా?

నీ తమ్ముడు


ఫిబ్రవరి 11

మా ఇంటి అగ్గిపుల్లకి,

నీ ఉత్తరం అందింది. మీ బావ కవరు పట్టుకుని "ఇది వేడిగా ఉంది, నువ్వే విప్పు" అన్నాడు. అబద్ధం చెప్పానన్నావు. చెప్పాను. ఒప్పుకున్నాను. ఇప్పుడు నేను చెప్పేది కూడా విను.

ఆ రోజు నీ మూట నా చేతికి రాలేదు. నేను పెరట్లో ఉన్నాను. డ్రైవరు తిన్నగా లోపలికి వెళ్లి "మీ అబ్బాయి పంపాడండీ, మీ మంచం దగ్గర పెట్టమన్నాడు" అని నాన్న ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. నేను చేతులు తుడుచుకుని వచ్చేసరికి నాన్న ఎడమ చేత్తో పొట్టంతా దులుపుకుని, గిన్నెని గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు. నీ చీటీ దుప్పట్లో ఎక్కడో ఉంది. నేను దుప్పటి ఉతికేటప్పుడు చూశాను.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. నేను రాయలేదు కాబట్టి తెలియదు. పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నాన్న స్టీలు గిన్నెలో జావ తాగలేకపోయేవాడు. ఎడమ చేత్తో చెంచా పెడితే గిన్నె జారిపోతుంది, కుడి చెయ్యి పట్టుకోదు. జావంతా గుండెల మీద పడేది. నేను తుడుస్తుంటే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఊరంతటికీ బట్టలు కుట్టిన మనిషి, చొక్కా మీద మరక పడితే కస్టమరుని కూడా కేకలేసేవాడు గుర్తుందా. కొన్నాళ్లకి ఆకలి లేదనడం మొదలుపెట్టాడు. ఆకలి లేకపోవడం కాదు. నేను తుడవడం ఇష్టం లేక.

నీ గిన్నె బరువు. కదలదు. అంచు లావుగా ఉంది కాబట్టి ముడుచుకున్న కుడి చేతి వేళ్లు కూడా కాస్త తగులుకుంటాయి. ఆ పూట ఒక్క చుక్క కింద పడకుండా తాగి, "లావుగా చేశాడు చూశావా, ఒలకకుండా. నా చెయ్యి సంగతి వాడికెలా తెలిసింది, నువ్వు రాశావా?" అన్నాడు. నేను "ఊ" అన్నాను. నా అబద్ధం ఆ ఒక్క "ఊ" మాత్రమే. మిగతావన్నీ దాని పిల్లలు.

ఇక నీకు రాసినదంటావా, రోజూ కడిగి తుడిచి మంచం కిందే పెడుతున్నాను. అది నిజమే కదా. గిన్నె బాగానే ఉంది.

నాకు నీ మేస్త్రి తెలియదు, నీ రుద్దుడు బెంచీ తెలియదు. నువ్వు చెప్తే కదా తెలిసేది. పైగా ఇంత పొడుగు ఉత్తరం రాశావు, చెట్టు ఎలా పడిందో రాశావు, మేకు ఎలా ఉందో రాశావు. నాన్న ఎలా ఉన్నాడు అన్న ముక్క ఎక్కడైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

గిన్నె కావాలంటే వచ్చి ఆయన చేతిలోంచి నువ్వే తీసుకో. నాకు చేతులు రావు.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

ఎత్తు బాగా వేశావు. వచ్చి తీసుకో అంటే వస్తాను, వస్తే నాలుగు చివాట్లు పెట్టొచ్చు, వీలైతే ఆ కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టొచ్చు. నాన్న మిషన్ మీద నేను కూర్చోలేదన్నది మీ ఇద్దరి కడుపులో ఇంకా అలాగే ఉంది. నేను వచ్చేసేటప్పుడు ఆయన అన్న మాట నాకు గుర్తే: "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. చెక్క తప్పితే ఏం విప్పుతావురా?" అంతే అన్నాడు. గుమ్మం దాకా కూడా రాలేదు.

నేను రాలేను. సెలవు అడిగితే పరీక్షకి భయపడి పారిపోతున్నాడంటారు. పక్క బెంచీ వాళ్లు ఇప్పటికే నన్ను "ప్రొఫెసరు గారూ" అంటున్నారు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదన్నానని.

అది లావుగా ఉన్నది నాన్న చెయ్యి కోసం కాదు, చెక్క కుంచించుకుపోతుంది కాబట్టి. ఆ సంగతి నీ ఉత్తరం చదివాక రుద్దుతున్న ప్రతి కాలి మీదా నాకు కనపడుతోంది. లావుగా చేశాడు చూశావా అన్నాడని రాశావే, ఆ ముక్క నువ్వు రాయకుండా ఉంటే బాగుండేది. నాకు పని మీద చెయ్యి నిలవడం లేదు. నిన్న ఒక కుర్చీ కాలు మెడ దగ్గర ఎక్కువ అరగదీసి తిట్లు తిన్నాను.

అయినా నాకు ఆ గిన్నె కావాలి. ఈ చోటు పోతే మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదు. ఆ లేత్ దగ్గర చేరినవాళ్లు చెయ్యి వణికేదాకా వదలరు.

పందొమ్మిదిన డ్రైవరు మీ వీధికి వస్తున్నాడు. గిన్నె అతనికివ్వు. మెరుగు పెట్టడానికి నేను తెప్పించుకుంటున్నానని నాన్నకి చెప్పు. అది అబద్ధం కాదు. మెరుగు పెట్టడమే. పరీక్ష అయ్యాక ఏదో ఒకటి చేస్తాను.

ఆ చెయ్యి సంగతి నువ్వు ముందే రాసి ఉండాల్సింది. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు రోజులు ఉన్నావు కదా, నీకు తెలియలేదా అనకు. చెయ్యి మీద దుప్పటి కప్పి ఉంది. నేను తీసి చూడలేదు.

నాన్న ఎలా ఉన్నాడు.

తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ప్రశ్న గుర్తు పెట్టకపోయినా అడిగినట్టే లెక్క.

నిన్న డ్రైవరు వచ్చాడు. గిన్నె నేను ఇవ్వలేదు, నాన్నే ఇచ్చాడు. మెరుగు పెట్టడానికి తెప్పించుకుంటున్నాడని చెప్పగానే నా మొహంలోకి ఒకసారి చూసి, తలగడ మీద లేచి కూర్చున్నాడు. చొక్కా అంచుతో గిన్నె లోపలంతా తుడిచి డ్రైవరు చేతిలో పెట్టి, "జాగ్రత్త బాబూ, కింద పెట్టకు, సీటు మీద పెట్టుకో" అన్నాడు. నేనేదో బతిమాలాల్సి వస్తుందని మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

ఇప్పుడు నేను దాచినది ఇంకోటి. పోయిన ఉత్తరంలో గిన్నె బాగానే ఉందని రాశాను. లేదు. అంచు నుంచి కిందికి ఒక పగులు ఉంది, నీ నల్ల మరక పక్కనుంచి. తప్పు నాదే. నవంబరులో ఒకరోజు జావ అట్టలు కట్టిందని మరిగే నీళ్లతో కడిగి పెరట్లో ఎండలో బోర్లించాను. కాసేపటికి ఠప్పుమని చప్పుడు. ఏమిటో అనుకున్నాను. చూస్తే ఇంత పొడుగు గీత. నీ చీటీ అప్పటికి నా దగ్గరే ఉంది, ఎండ తగలకూడదని రాసి ఉంది, చదివి కూడా అలా చేశాను. పని తొందరలో ఎండ అంటే మనకి మంచిదే అనిపిస్తుంది కదా. బట్టలు, మిరపకాయలు, పిల్లల పరుపులు అన్నీ ఎండలో వేసే చెయ్యి ఇది.

దాచేద్దామనుకున్నాను. నాన్న చప్పుడు విన్నాడు. తెమ్మన్నాడు. పగులు మీద గోరుతో రాసి చూసి, పెట్టెలో ఉన్న మందపు దారం, మైనం ముద్ద అడిగాడు. అంచు కింద గాడి ఉంది కదా, అందులో మైనం పట్టించిన దారం చుట్టాం. ఆయన ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి. ఇద్దరం కలిసి ఒక దర్జీ. లాగు, ఇంకా లాగు, వదులు రానివ్వకు అని నన్ను తిడుతూనే ఉన్నాడు. జబ్బు చేశాక అంత గట్టిగా తిట్టడం అదే మొదలు. నాకు ఎంత హాయిగా ఉందో. ముడి లోపలికి దోపాక, "వాడికి రాయకు, బాధపడతాడు" అన్నాడు.

కాబట్టి ఆ దారం విప్పకు. ముందు ఈ ఉత్తరం చదువు. దారం ఉన్నంతసేపే అది గిన్నె.

ఇవాళ పొద్దున జావ స్టీలు గిన్నెలో పెట్టాను. రెండు చెంచాలు తాగి చాలన్నాడు. మెరుగు పెట్టడానికి ఎన్నాళ్లు పడుతుంది అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అదొక్కటే ఈ మధ్య నేను ఆయనకి చెప్పిన నిజం.

అక్క


ఫిబ్రవరి 24

ఆ దారం నేను కోసేశాను. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. గిన్నె ఇరవైనే వచ్చింది.

అక్కా, డ్రైవరు దాన్ని నిజంగానే సీటు మీద పెట్టుకుని తెచ్చాడు. సందులోకి తీసుకెళ్లి చూశాను. జావ పట్టి పట్టి లోపలంతా నల్లబడింది. అంచు కింద జిడ్డు దారం. నువ్వేదో కట్టి పంపావనుకున్నాను. ఉలి మొన పెట్టి ఒక్క లాగు లాగాను. అప్పుడు పగులు కనపడింది. నిన్ను ఎన్ని తిట్టానో రాయను.

ఇక్కడితో ఆగి ఉంటే నాది కోపం మాత్రమే అయ్యేది. ఆగలేదు. జిగురులో సన్నటి పొట్టు కలిపి పగులులో కూరాను. ఆరాక రుద్ది నూనె రాశాను. ఎంత బాగా రుద్దానంటే వెలుతురులో పెట్టి చూసినా కనపడలేదు. ఇన్నాళ్ల రుద్దుడు బెంచీ అందుకు పనికొచ్చింది. మొన్న ఇరవై రెండున మేస్త్రి ముందు పెట్టాను. చుట్టూ తిప్పి చూశాడు, మరక దగ్గర బొటనవేలు పెట్టి తల ఊపాడు, ఎక్కించు అన్నాడు. పగులుందని అప్పుడు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆ తల ఊపడం చూశాక మింగేశాను.

మొదట నెమ్మదిగా తిప్పాను, బాగానే ఉంది. వంకర తగ్గుతోంది, గుండ్రం వస్తోంది. పక్క మిషన్ దగ్గరున్న పెద్దాయన, నేను ఎవరి చోటు అడిగానో ఆయనే, పని ఆపి నా వెనక నిలబడి చూస్తున్నాడు. వేగం పెంచాను. చప్పుడు మారింది. నాకు ఆ చప్పుడు తెలుసు. ఆపే లోపల రెండు ముక్కలైంది. ఒకటి గోడకి తగిలింది. ఒకటి పెద్దాయన కనుబొమ్మ మీద.

కంటికి ఏమీ కాలేదు. కుట్లు పడ్డాయి. నేను ఆయన తలకి నా చొక్కా అదిమి పట్టుకుని ఉంటే, "పోయేముందు గుర్తుండేలా ఏదైనా ఇస్తారంటే గడియారం అనుకున్నానురా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వించకపోతే నన్ను కొట్టేవాళ్లు. కొట్టినా బాగుండేది.

మేస్త్రి విరిగిన అంచు చేతిలోకి తీసుకుని జిగురు చూశాడు. ఏమీ అరవలేదు. "చెక్క పగిలిందని చెప్పి ఉంటే ఇంకోటి తెమ్మనేవాణ్ణి. పగులు దాచినవాడి పక్కన నేను ఎవరిని నిలబెట్టను?" అన్నాడు. బెంచీకి వెళ్లిపోయాను. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాను. ఇక అక్కడే ఉంటాను.

నిన్ను అబద్ధాలకోరు అన్నాను. నువ్వు దాచింది మంచం మీద మనిషి కోసం. నేను దాచింది నా కోసం. ఆ గిన్నె నాన్న కోసం అని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. దుంగ తోసుకొస్తున్నప్పుడు గానీ, తిప్పుతున్నప్పుడు గానీ, ఆయన మంచం కింద పెట్టమని రాస్తున్నప్పుడు గానీ. మంచం గుర్తొచ్చింది, మీద ఉన్న మనిషి గుర్తు రాలేదు.

ఒక్క సాయం చెయ్యి. విరిగిందని నాన్నకి చెప్పకు. మెరుగు ఆలస్యమవుతోందని చెప్పు. ఏం చెయ్యాలో ఆలోచించుకోనీ.

తమ్ముడు


మార్చి 1

తమ్ముడూ,

నువ్వు ఆలోచించుకునే లోపల డ్రైవరు వచ్చి వెళ్లాడు. ఆ మనిషికి కడుపులో ఏదీ ఆగదు. గిన్నె ముక్కలైందని, ఎవరికో తల పగిలిందని, నీకు రావాల్సిన చోటు పోయిందని నాన్నకి పూసగుచ్చినట్టు చెప్పాడు. పరీక్ష సంగతి కూడా. నేను గుమ్మంలో నిలబడి సైగలు చేస్తూనే ఉన్నాను. నాకేదో కంట్లో పడిందనుకున్నాడు.

అతను వెళ్లాక నాన్న నన్ను కూర్చోమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపలేదు.

"అది నా కోసం చేసింది కాదని నాకు మొదటిరోజే తెలుసమ్మా. అంచు వంకర. లోపల ఉలి గీతలు అలాగే ఉన్నాయి. పైపైన కచ్చాకుట్టు వేసిన చొక్కా ఎవడైనా మనిషికి తొడుక్కోమని పంపుతాడా?"

మరి తెలిసీ ఎందుకు తీసుకున్నావు నాన్నా అన్నాను.

"తీసుకుంటే అడగడానికి వస్తాడనుకున్నాను. వచ్చాక ఇచ్చేద్దామనుకున్నాను" అన్నాడు.

ఒరేయ్, నేను అక్కడినుంచి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. నా "ఊ"ని ఇన్ని నెలలు ఆయన నమ్ముతున్నాడని నేను మోస్తున్నాను. నమ్మినట్టు నటిస్తూ ఆయనా మోస్తున్నాడు. మంచం పక్కన కూర్చుని ఇద్దరం ఒకరినొకరు మోసం చేసుకుంటూ, ఆ గిన్నెని తెగ మెచ్చుకున్నాం.

ఆ రోజు నుంచి జావ ముట్టడం లేదు. ఈసారి స్టీలు గిన్నె వల్ల కాదు. నేను పట్టుకుని తాగిస్తానన్నా వద్దంటున్నాడు. "వాడి నోటి దగ్గర ముద్ద నేను లాక్కున్నాను, ఇక నాకెలా దిగుతుంది" అంటాడు. మంచినీళ్లు మాత్రం తాగుతున్నాడు. డాక్టరు వచ్చి చూసి, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో ట్యూబు వెయ్యాలన్నాడు. నాన్న ఆ మాట విని కళ్లు మూసుకున్నాడు.

మీ బావ వెళ్లి నిన్ను చెవి పట్టుకుని తీసుకొస్తానంటున్నాడు. నేనే ఆపాను. ఎత్తు వేసి రప్పించానని మళ్లీ అంటావని. ఇది ఎత్తు కాదు. ఇంట్లో మనిషి తినడం మానేశాడు, తప్పు తనదంటున్నాడు. నాదని చెప్పాను, వినలేదు. నీదని చెప్పాను, అసలు వినలేదు. ఏం రాస్తావో రాయి, ఆయనకి చదివి వినిపిస్తాను.

అక్క


మార్చి 4

నాన్న తప్పు చేశాడు. నా సరుకని తెలిసీ తీసుకున్నాడు. నువ్వు తప్పు చేశావు, ఎండలో పెట్టి నోరు మూసుకున్నావు. మీ ఇద్దరిదీ కలిపినా నేను చేసినంత కాదు. ఇది గట్టిగా చదువు, ఆయనకి వినపడాలి.

గిన్నె పగిలినందుకు నా చోటు పోలేదు. పగిలిందని చెప్పి ఉంటే మేస్త్రి ఇంకో దుంగ చూసుకోమనేవాడు, ఆయన నోటితోనే అన్నాడు. జిగురు నేను పెట్టాను. నూనె నేను రాశాను. వేగం నేను పెంచాను. దర్జీ చుట్టిన దారం ఉంటే అది ఇప్పటికీ మీ మంచం కింద ఉండేది. నా నోటి దగ్గర ముద్ద ఎవరూ లాక్కోలేదు, నేనే తన్నుకున్నాను. కాబట్టి ఆయన నా తప్పుని తన పేరు మీద రాసుకుని పస్తులుండడానికి లేదు. అది కూడా నా సరుకే. తిరిగి ఇచ్చెయ్యమను.

అడగడానికి వస్తాననుకున్నాడట. వచ్చేవాణ్ణే, ఆ మాట నాకు రాసి ఉంటే. కాదు, ఇదీ అబద్ధమే. వచ్చేవాణ్ణి కాదు. ఆసుపత్రిలో దుప్పటి తీసి ఆ చెయ్యి చూడలేకపోయాను. చొక్కా కాలరు తిప్పేటప్పుడు ఆ చెయ్యి ఎలా ఉండేదో నాకు తెలుసు కాబట్టి చూడలేదు. అప్పటినుంచి పని ఉంది, సెలవు లేదు అని రాస్తూ వచ్చాను. అవన్నీ నిజాలే. వాటి వెనక దాక్కున్నాను, అంతే.

ఇప్పుడు పని సంగతి. ఆ దుంగ నేను రెండుగా కోశాను. రెండో సగం సందులో తొట్టిలో నీళ్లలో ముంచి ఉంచాను, ఇంకా పచ్చిగానే ఉంది. నిన్న చూస్తే తొట్టి కారి నీళ్లు దిగి, బయటపడ్డ కొసన నెర్రె మొదలైంది. ఎక్కువ రోజులు ఆగదు. దీన్ని ఆరబెట్టను, రెండోసారి తియ్యను, ఎవరికీ చూపించను. పచ్చిదాన్నే లావుగా తీసి అలాగే ఇస్తాను. వంకర పోతుంది, పోనీ. మరిగే నీళ్లు పొయ్యకు, ఎండలో పెట్టకు, పగిలితే నాకు చెప్పు. ఈసారి మాత్రం అది ఆయన చెయ్యి కోసమే లావుగా ఉంటుంది.

అందుకు నాకు కొలతలు కావాలి. ఎడమ చేతివి కాదు. కుడి చేతివి. ముడుచుకున్న వేళ్ల మధ్య ఎంత సందు ఉంది, బొటనవేలు ఎంతదాకా తెరుచుకుంటుంది, అరచెయ్యి ఎంత వెడల్పు, దిండుకి ఆనుకుని కూర్చుంటే ఒళ్లో నుంచి నోటికి ఎంత ఎత్తు. ఆ వేళ్లు పట్టుకునేలా అంచు కింద గాడి తీస్తాను, మధ్యలో ఖాళీ ఉంటే జారిపోతుంది, కాబట్టి టేపుని వదులుగా పట్టుకోవద్దు. ఆ చెయ్యి ఎలా ఉంటే అలా కొలవాలి. బాగున్నప్పటిది కాదు.

టేపు నువ్వు పట్టుకో, అంకె ఆయన చెప్పాలి. నీ అంతట నువ్వు కొలిచి పంపిన కాగితం నాకొద్దు. ఆయన పలకాలి, నువ్వు రాయాలి. పలకడానికి ఓపిక కావాలి కాబట్టి ముందు జావ తాగాలి. నువ్వు పట్టుకుని తాగించు, ఒలికితే ఒలకనీ, తుడువు. ఒలికింది చూసి మొహం తిప్పుకోవాల్సింది ఆయన కాదు.

మేస్త్రిని సెలవు అడిగాను. బెంచీ మీదవాడికి సెలవు ఇవ్వడానికేముంది, వెళ్లు అన్నాడు. గిన్నె డ్రైవరు చేత పంపను, నేనే పట్టుకొస్తాను. కానీ కొలతలు రాకుండా తియ్యలేను, తియ్యకుండా రాను. చేతులూపుకుంటూ వచ్చి ఆ మంచం పక్కన నిలబడడం నా వల్ల కాదు.

పదకొండో తారీఖు దాటితే దుంగ పగిలిపోతుంది. ఆ లోపల నాన్న నోటి వెంట వచ్చిన అంకెలు నా చేతిలో ఉండాలి. ఇవాళే మొదలుపెట్టండి.